డెహ్రాడూన్ లోయలో కొత్త కమ్యూనిటీ: బిల్డర్ చెప్పే ‘65 శాతం పూర్తయింది’ అనే మాటను ఎలా చూడాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. సహస్రధార వైపు కొండవాలులో కొత్తగా కడుతున్న కమ్యూనిటీలో డూప్లెక్స్ బుక్ చేశారు. మీరేమో హైదరాబాద్‌లో ఉన్నారు. బిల్డర్ నెలనెలా డ్రోన్ వీడియో పంపి 65 శాతం పని అయిపోయిందంటున్నాడు. నమ్మి తర్వాతి వాయిదా కట్టాలా, వద్దా?

నేను ఓఎన్‌జీసీ ఉద్యోగం మీద రాజమండ్రి నుంచి డెహ్రాడూన్ వచ్చి ఇక్కడే స్థిరపడ్డాను. ఇలాంటి కమ్యూనిటీలోనే పునాదుల దశలో ఇల్లు కొని, కట్టడమంతా దగ్గరుండి చూశాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

లోయలో ఇల్లు ఎంత లేచిందో తర్వాత చూడొచ్చండీ. మట్టిని ఆపే గోడలు, నీటిని దారి మళ్లించే కాలువలు ఎంతవరకు వచ్చాయో ముందు అడగండి. డ్రోన్ వీడియోలో శ్లాబులు, రంగులు కనిపిస్తాయి గానీ గోడ వెనకాల ఏం పోశారో కనిపించదు. ఉత్తరాన ముస్సోరీ కొండలు, దక్షిణాన శివాలిక్ కొండలు, మధ్యలో ఈ లోయ. నేలలో చాలా భాగం కొండల మీంచి కొట్టుకొచ్చి పేరుకున్న బండరాళ్లు, గులకరాళ్లు, మట్టే. ఏడాదికి 2,000 మిల్లీమీటర్ల పైనే వాన పడుతుంది, అందులో ఎక్కువ భాగం జూన్ చివరి నుంచి సెప్టెంబర్ లోపే. ఎండాకాలంలో చూస్తే రాళ్లు తప్ప చుక్క నీరుండని వాగులు ఆ మూడు నెలల్లో మనిషిని నిలవనివ్వవు. 2025 సెప్టెంబర్ 15 రాత్రి సహస్రధార ప్రాంతంలో కురిసిన కుండపోత మీరూ వార్తల్లో చూసే ఉంటారు. తమసా నది పొంగి టపకేశ్వర్ గుడిలోకి నీళ్లొచ్చాయి, ప్రేమ్‌నగర్ దగ్గర వంతెన దెబ్బతింది. మీ ప్లాటు ఉన్నది ఆ వైపే కాబట్టి ఇది గట్టిగా చెబుతున్నాను.

మా దగ్గర జరిగింది చెబుతాను. వెనక వరుస ఇళ్లకు పైన పెద్ద రిటైనింగ్ గోడ కట్టారు (ఇక్కడివాళ్లు పుష్తా అంటారు). చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంది. గోడలో వరుసగా పైపు ముక్కలు కూడా పెట్టారు, వెనక చేరిన నీరు బయటికి రావడానికి. మా పక్కింట్లో కొడుకు దగ్గర ఉండే తాడేపల్లిగూడెం పెద్దాయన ఒకరున్నారు, నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. ఒకరోజు ఆయన సన్న ఇనుప చువ్వ తీసుకుని ఒక్కో పైపులోకి దూర్చి చూశారు. కొన్నింట్లో చువ్వ లోపలిదాకా పోయి రాయికి తగిలి టంగుమంది. కొన్నింట్లో జానెడు పోయి మెత్తగా ఆగింది, బయటికి తీస్తే కొసకు జిగట మట్టి. అంటే ఆ భాగంలో గోడ వెనక రాళ్లు పేర్చకుండా తవ్విన మట్టినే తిరిగి నింపేశారన్నమాట. అలాంటి పైపులన్నిటికీ ఆయన సుద్దముక్కతో గుర్తులు పెట్టారు. మేమంతా కలిసి ఫొటోలు జతచేసి ఉత్తరం ఇచ్చాం. బిల్డర్ మొదట గొణిగినా, వానలు పడేలోపు ఆ ముక్కంతా వెనకనుంచి తవ్వించి రాళ్లు నింపించాడు. తర్వాతి వానల్లో ఆ పైపుల్లోంచి తేట నీరు వచ్చింది. పైపులోంచి బురద నీరు వచ్చినా, జడివానలో అసలేమీ రాకపోయినా, గోడ మధ్యలో ఉబ్బు కనిపించినా వెంటనే కదలాలి. గోడ వెనక నీరు నిలిస్తే ఆ బరువంతా గోడే మోయాలి.

ఇక వేగం సంగతి. వానాకాలంలో నదుల్లో ఇసుక, కంకర తవ్వకాలు ఆపేస్తారు, ధరలు పెరుగుతాయి, పని నత్తనడక నడుస్తుంది. దానికి కంగారు పడకండి. నిజానికి జులైలో కొండ తవ్వుతున్నామని ఎవరైనా గొప్పగా చెబితేనే నాకు టెన్షన్. చలికాలంలో తొందర కూడా అంత మంచిది కాదు. డిసెంబర్, జనవరి రాత్రుల్లో ఇక్కడ 5, 6 డిగ్రీలకు పడిపోతుంది, కాంక్రీటు బలం పుంజుకోవడం ఆలస్యమవుతుంది. ఆధారాల మధ్య దూరం 4.5 మీటర్ల లోపున్న శ్లాబు కింద సెంట్రింగ్ కర్రలు కనీసం 7 రోజులు, అంతకు మించితే 14 రోజులు ఉంచాలని కాంక్రీటు పనికి మన దేశ ప్రమాణమైన ఐఎస్ 456 చెబుతుంది. అదీ ఉష్ణోగ్రత 15 డిగ్రీలకంటే తగ్గనప్పటి లెక్క. కాబట్టి జనవరిలో వారానికో శ్లాబు వేసి కర్రలు లాగేస్తుంటే అది ప్రగతి కాదు.

భూకంపాల పరంగా చాలాకాలంగా డెహ్రాడూన్‌ను నాలుగో జోన్‌గానే, అంటే ప్రమాదం ఎక్కువున్న ప్రాంతంగానే లెక్కిస్తూ వచ్చారు. శ్లాబు పోయకముందు స్తంభాల ఇనుము దగ్గరగా ఫొటో తీసి పంపమనండి. నిలువు చువ్వల చుట్టూ కట్టే రింగుల కొసలు 135 డిగ్రీలు వంగి లోపలికి తిరిగి ఉండాలి. కేవలం లంబంగా మడిచి వదిలేస్తే గట్టి కుదుపులో విచ్చుకుపోతాయి. కాంక్రీటు పడ్డాక ఇవేవీ చూడలేరు.

65 శాతం అంటే దేంట్లో 65 అని రాతపూర్వకంగా అడగండి. ఖర్చులోనా, శ్లాబుల్లోనా, రోడ్లూ కాలువలూ కూడా కలిపా? రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం ప్రకారం ప్రాజెక్టు ఎంతవరకు వచ్చింది, ఏ అనుమతులు వచ్చాయి, ఏవి పెండింగ్ అన్నది బిల్డర్ మూడు నెలలకోసారి రెరా వెబ్‌సైట్‌లో పెట్టాలి. ఉత్తరాఖండ్ రెరా సైట్‌లో మీ ప్రాజెక్టు తెరిచి, అక్కడి వివరాలనూ వీడియోనూ పక్కపక్కన పెట్టి చూడండి. నీరు, మురుగు, కరెంటు సహా ఏ దశ ఎప్పటికి పూర్తవుతుందో తెలుసుకునే హక్కు 19వ సెక్షన్ కొనుగోలుదారుకు ఇచ్చింది. కొన్నవాళ్ల దగ్గర తీసుకున్న డబ్బులో 70 శాతం విడి ఖాతాలో ఉంచి, ఇంజనీరు, ఆర్కిటెక్టు, చార్టర్డ్ అకౌంటెంట్ ధ్రువీకరించాకే పనికి తగ్గట్టు తీయాలి. ఆ సర్టిఫికెట్ల కాపీలు అడగడంలో మొహమాటం అక్కర్లేదు.

వాయిదా మాత్రం చెప్పకుండా ఆపేయకండి. అగ్రిమెంట్ ప్రకారం కట్టాల్సిన డబ్బు ఆలస్యమైతే మీ మీదా వడ్డీ పడుతుంది. గడువుకు ముందే బిల్డర్‌కు ఈమెయిల్‌లో ‘ఫలానా దశ పూర్తయినట్టు ఆధారం పంపండి, అందగానే కడతాను’ అని రాయండి. లోన్ ఉంటే, డబ్బు విడుదల చేసే ముందు మీ బ్యాంకు ఇంజనీరు సైటు చూశాడా అని కనుక్కోండి.

ఇంకొకటి. వీలు చేసుకుని ఆగస్టులో ఒకసారి రండి, మంచి వాన కురుస్తుండగా. సైటు ఆఫీసులో కూర్చోకుండా కింద ఊళ్లోకి నడిచి, టీకొట్టు దగ్గర వయసు మళ్లిన గఢ్వాలీ ఎవరైనా ఉంటే పాత వాగు ఎటు పారేదో అడగండి. మా లేఅవుట్‌లో పార్కు అని చూపించిన చోట ఒకప్పుడు వాగు పాయ ఉండేదని అలా ఒకాయన చెబితేనే తెలిసింది. అక్కడ తర్వాత వెడల్పాటి కాలువ తవ్వించారు. మీ డూప్లెక్స్ ఏ వరుసలో ఉంది, పైన గోడ ఉందా, వాగుకు ఎంత దూరం అన్నది రాయండి. గోడ కట్టేటప్పటి ఫొటోలుంటే అవీ పెట్టండి, చూసి నాకు తెలిసింది చెబుతాను.