మనవరాలి చేతికి ఫీలర్ గేజ్
పాత కార్లపై పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మా ఇంట్లో 1978 నాటి అంబాసిడర్ ఉంది. రెండేళ్లుగా షెడ్డు దాటలేదు. ఎనిమిదేళ్ల మనవరాలు వేసవి సెలవులకు వస్తోంది. కిందటిసారి బోనెట్ ఎత్తి అన్నీ చూపించి చెబుతుంటే పది నిమిషాల్లో ఫోన్ తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. ఈసారి దానికి కారు మీద ఇష్టం కలగాలంటే ఏం చేయాలి?
– తణుకు నుంచి ఒక తాతగారు

జవాబు: చూపించి చెప్పారు కాబట్టే వెళ్లిపోయింది, తాతగారూ. ఆ వయసు పిల్లకి కారు చరిత్ర అక్కర్లేదు, చేతికి పని కావాలి. గుడ్డ అందించడం, టార్చి పట్టుకోవడం లాంటి ఉత్తుత్తి పని ఇస్తే ఇట్టే కనిపెట్టేస్తారు. తను చేస్తేనే బండి కదులుతుంది అనిపించే పని ఇవ్వాలి. అందుకు అంబాసిడర్‌ని మించిన బండి లేదు. 1489 సీసీ ఇంజనుకి చుట్టూ బోలెడంత ఖాళీ, ఏ భాగానికా భాగం విడిగా కనిపిస్తుంది, చిన్న చెయ్యి హాయిగా దూరుతుంది.

అయితే పిల్ల వచ్చేలోపు మీ వంతు పని కొంత ఉంది. కదలని బండి ముందు పిల్లల్ని కూర్చోబెడితే రెండో రోజుకే విసుగు పుడుతుంది.

ముందు ట్యాంకులోని పాత పెట్రోలు మొత్తం దింపేయండి. వార్నిష్ వాసన వస్తోందంటే అది చెడిపోయినట్టే. కార్బురేటర్ జెట్లలో జిగురు కట్టి ఉంటుంది, విప్పి కడిగించాలి. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో ఇథనాల్ 20 శాతం దాకా ఉంటోంది. ఇథనాల్ గాలిలో తేమను లాక్కుంటుంది, పాత రబ్బరును ఉబ్బించి చీల్చేస్తుంది. కాబట్టి ఇథనాల్‌కి తట్టుకునే పైపు కావాలని అడిగి తెచ్చి, ట్యాంకు నుంచి కార్బురేటర్ దాకా ఉన్న రబ్బరు ముక్కలన్నీ మార్చండి. పెట్రోలు పంపులోని డయాఫ్రం (లోపలి పల్చటి పొర) కూడా చూడమనండి. ఇక్కడ పొదుపు వద్దు. వేడి ఇంజను మీద పెట్రోలు కారితే బండి మిగలదు.

తర్వాత నాలుగు స్పార్క్ ప్లగ్గులూ తీసి, ఒక్కో సిలిండర్‌లో టీ చెంచాడు ఇంజనాయిల్ పోసి రాత్రంతా వదిలేయండి. తెల్లారాక గేరు న్యూట్రల్‌లో పెట్టి, స్టార్టింగ్ హ్యాండిల్‌తో (ముందు నుంచి దూర్చి ఇంజన్ని చేత్తో తిప్పే ఇనుప కడ్డీ) నెమ్మదిగా తిప్పి చూడండి. తిరగకపోతే బలవంతం చేయకండి. ఇంకొంచెం నూనె పోసి మరో రోజు ఆగండి. తుప్పు పట్టిన పిస్టన్ రింగుల్ని లాగితే విరుగుతాయి. ఇంజను స్వేచ్ఛగా తిరిగాక పాత ఆయిల్ దింపి కొత్తది పోయండి, ఫిల్టరుతో కలిపి సుమారు 4 లీటర్లు పడుతుంది. బ్రేకు ఆయిల్ తప్పకుండా మార్చాలి. అదీ తేమను పీల్చేదే, నిలవ ఉన్న బండ్లలో వీల్ సిలిండర్లు పట్టేసేది అందుకే. బ్రేకు డ్రమ్ములు విప్పినప్పుడు ఆ దుమ్మును ఊదవద్దు, తడిగుడ్డతో తుడవాలి. పాత లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండేది. ఆ రోజు పిల్లని షెడ్డు దరిదాపులకు రానివ్వకండి. పాత పెయింటుని ఎమెరీ కాగితంతో గీకే పని కూడా పిల్లలకి వద్దు, అందులో సీసం ఉండొచ్చు. వైర్లను ఎలుకలు కొరికాయేమో ఒకసారి టార్చి వేసి చూడండి.

ఇక పిల్ల వచ్చాక మొదటి పని ప్లగ్గులు. ఇంజను చల్లగా ఉండాలి. ప్లగ్గు వైర్లకి 1, 2, 3, 4 అని టేపు అంటించే పని తనదే. రేడియేటర్ వైపున్నది ఒకటో నంబరు. పానాతో మీరు పావు చుట్టు వదులు చేయండి, మిగతాది తను వేళ్లతో తిప్పి తీస్తుంది. తీసిన ప్లగ్గుల్ని అదే వరసలో ఒక పళ్లెంలో పెట్టి మొనలు చూడమనండి. బిస్కెట్ రంగులో ఉంటే మంట బాగుంది. పొడి మసితో నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువ పోతోంది. తడిగా, జిడ్డుగా ఉంటే ఆయిల్ పైకి వస్తోంది. తెల్లగా పాలిపోతే గాలి ఎక్కువ, లేదా ఇంజను మరీ వేడెక్కుతోంది. ఏ సిలిండర్‌కి ఏ జబ్బో ఒక నోటుపుస్తకంలో తనచేత రాయించండి. సిలిండర్లలో నూనె పోశారు కదా, అందుకే బండిని ఓ ఇరవై కిలోమీటర్లు తిప్పాక తీసిన ప్లగ్గుల రంగునే నమ్మాలి.

తర్వాత ఇత్తడి బ్రష్షుతో మొన తుడిచి, 0.025 అంగుళం ఫీలర్ గేజ్ (సందులు కొలిచే పల్చటి ఉక్కు ఆకు) పెట్టి సందు కొలవాలి. ఆకు పట్టీ పట్టకుండా, కొద్దిగా రాసుకుంటూ జారాలి. ఆ రాపిడి ఎంత ఉండాలన్నది పిల్లల వేళ్లు పెద్దవాళ్ల వేళ్లకంటే త్వరగా పట్టేస్తాయి. సందు సరిచేయాలంటే పక్కనున్న వంపు ముక్కనే వంచాలి, మధ్య పుల్లని కదిపితే పింగాణీ పగులుతుంది. తిరిగి బిగించేటప్పుడు చివరిదాకా వేళ్లతోనే వెళ్లాలి. మధ్యలో గట్టిగా తగిలితే మర అడ్డంగా ఎక్కుతోందని అర్థం, వెనక్కి తిప్పి మళ్లీ మొదలుపెట్టాలి. చివర పానాతో బిగింపు మీరే: పాత వాషరైతే కొద్దిగానే, కొత్తదైతే పావు నుంచి అర చుట్టు.

ప్లగ్గులు బయట ఉన్నప్పుడే మరో ముచ్చట ఉంది, దాన్ని మాత్రం వదులుకోకండి. తాళంచెవి మీ జేబులో వేసుకోండి, కాయిల్ వైరు పీకేయండి, ఫ్యాన్ బెల్టు తీసేయండి. బెల్టు లేకపోతే హ్యాండిల్ తిప్పినా ఫ్యాన్ తిరగదు, చేతులకి భయం ఉండదు. జుట్టు ముడి వేయాలి, చున్నీ లాంటివి తీసేయాలి. ఒకటో సిలిండర్ రంధ్రాన్ని పిల్ల బొటనవేలితో పైనుంచి మూయాలి, లోపలికి దూర్చకూడదు. మీరు హ్యాండిల్ తిప్పుతూ ఉండండి. ఒకచోట గాలి ఆ వేలిని పైకి తోసేస్తుంది. కొందరు పిల్లలు ఉలిక్కిపడతారు, వెంటనే మళ్లీ చేద్దామంటారు. అక్కడ ఆగి, ఇంకో అర చుట్టు తిప్పితే ఈసారి గాలి ఎక్కడ తంతుందో ఊహించమనండి. రెండు అంటుంది. రెండు మూస్తే ఏమీ ఉండదు. మళ్లీ మొదటినుంచి వచ్చి మూడు మూయమనండి, తన్నుతుంది. తర్వాత నాలుగు, చివరికి రెండు. హ్యాండిల్ రెండు పూర్తి చుట్లు తిరిగేసరికి సిలిండర్లు మండే 1-3-4-2 అనే వరస తన వేలితోనే తను కనుక్కుంటుంది. ఆ తర్వాత ప్లగ్గులకి వరసగా కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ మూత దగ్గరికి తీసుకెళ్లి, ఒకటో వైరు నుంచి అపసవ్య దిశలో లెక్కపెట్టమంటే అవే అంకెలు అక్కడా కనిపిస్తాయి. ఎవరూ చెప్పకుండా తెలిసిన సంగతి అది, పిల్లలు మర్చిపోరు.

డిస్ట్రిబ్యూటర్ లోపలి పాయింట్ల సందు (0.014 నుంచి 0.016 అంగుళం) మరుసటి రోజుకి ఉంచండి. ఒకేరోజు అన్నీ వద్దు; గంటకి మించి కూర్చోబెట్టవద్దు. పిల్ల అడిగితేనే ఇంకో గంట.

తనకి ఇవ్వకూడని పనులు: వేడి రేడియేటర్ మూత తీయడం, బ్యాటరీ తీగలు ముట్టుకోవడం, జాకీ మీదున్న బండి కిందకి వంగడం. చక్రం విప్పాలంటే జాకీతో ఎత్తి, స్టాండు మీద దించాలి. ఇటుక పెట్టకండి, బరువుకి ఒక్కసారిగా పిండైపోతుంది. ఇగ్నిషన్ కలిపి ఉండగా స్టార్టింగ్ హ్యాండిల్ పిల్లల చేతికి అసలు వద్దు. ఇంజను వెనక్కి తన్నితే మణికట్టు విరుగుతుంది. మీరు తిప్పినా బొటనవేలిని మిగతా వేళ్ల పక్కనే ఉంచి, కింద నుంచి పైకి లాగండి.

ప్రశ్న: మనవడికి పదేళ్లు. ఒళ్లో కూర్చోబెట్టుకుని స్టీరింగ్ ఇవ్వమంటాడు. మా కాలనీ రోడ్డు ఖాళీగానే ఉంటుంది. ఫర్వాలేదా?
– కర్నూలు

జవాబు: వద్దండీ. పాత కార్ల స్టీరింగ్ రాడ్డు ఢీకొన్నప్పుడు ముడుచుకోదు. మీ ఒళ్లో ఉన్న పిల్లవాడు దానికీ మీకూ మధ్య నలుగుతాడు. చట్టం కూడా గట్టిదే: మైనరు బండి నడిపితే 2019 సవరణ ప్రకారం పెద్దవాళ్లకి 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల దాకా జైలు, బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దు.

దానికి బదులు బండి ఇంట్లో నిలిపి, చక్రాలకి ముందూ వెనకా చెక్కలు పెట్టి, ఇంజను ఆపి ఉంచి గేర్లు వేయించండి. క్లచ్చు మీరు తొక్కాలి, స్టీరింగ్ పక్కనున్న గేరు కర్రతో నాలుగు గేర్లూ, రివర్సూ వాడు వేయాలి. కళ్లు మూసుకుని ఏ గేరులో ఉందో చెప్పగలిగేదాకా ఆడిస్తే, బండి నడుపుతున్నంత సరదా ఉంటుంది.

షికారుకి తీసుకెళ్లాలంటే వెనక సీటుకి బెల్టులు బిగించండి. బెల్టు బోల్టు 7/16 అంగుళం, సన్న మరది. ఒట్టి రేకుకి బిగిస్తే ఊడివస్తుంది. వెనకవైపు కనీసం 3 మిల్లీమీటర్ల మందం ఇనుప ప్లేటు వేయించాలి. నేల రేకు తుప్పు పట్టి ఉంటే ముందు అది బాగుచేయించండి. బూస్టరు సీటు వాడితే నడుముతో పాటు భుజానికీ బెల్టు ఉండి తీరాలి.

ప్రశ్న: మాకు కారు లేదు, ఫ్లాటు. ఆరేళ్ల మనవడికి మాత్రం పాత కార్ల పిచ్చి. హైదరాబాద్‌లో ఎక్కడికి తీసుకెళ్లను?
– ఒక అమ్మమ్మ

జవాబు: చౌమహల్లా ప్యాలెస్‌కి. నిజాం కోసం తయారైన 1912 నాటి పసుపు రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ అక్కడుంది. శుక్రవారం సెలవు. బహదూర్‌పురాలో జూ పార్కు దగ్గరి సుధా కార్స్ మ్యూజియంలో బూటు, క్రికెట్ బంతి ఆకారాల్లో నడిచే కార్లుంటాయి, ఆరేళ్లవాడికి అవే ముందు నచ్చుతాయి.

చేతిలో ఒక కాగితం, పెన్సిలు పెట్టి, ఒక్క కారునే ఎంచుకుని చక్రం, దీపం, హారన్ గీయమనండి. యాభై కార్లు చూసి రావడం కంటే ఇది మేలు. ఇంట్లో టేపుతో 4 మీటర్ల 32 సెంటీమీటర్లు నేల మీద కొలిచి గీత గీయిస్తే అంబాసిడర్ పొడవెంతో తెలుస్తుంది. 1:43 కొలతలో (అసలు కారులో 43వ వంతు) బొమ్మ కొంటే అది సుమారు 10 సెంటీమీటర్లుండాలి. స్కేలు పెట్టి కొలవడం వాడి పని.

ప్రశ్న: మా నాన్నగారి 1966 ఫియట్ కాగితాలు సరిగ్గానే ఉన్నాయి. మనవడికి అందించాలని ఉంది. వింటేజ్ రిజిస్ట్రేషన్ చేయించడం మంచిదేనా?
– వరంగల్

జవాబు: ఆ బండిని ఎలా వాడదలిచారన్న దాన్నిబట్టి ఉంటుంది. 2021 కేంద్ర నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజను పెద్దగా మార్చని బండికి ఇది దొరుకుతుంది. కొత్త రిజిస్ట్రేషన్‌కి 20,000, తిరిగి చేయించడానికి 5,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. కొత్త నంబరులో రాష్ట్రం అక్షరాల తర్వాత 'వీఏ' వస్తుంది, ఇదివరకే రిజిస్టరైన బండి మాత్రం పాత నంబరే ఉంచుకోవచ్చు. అయితే రోజువారీ వాడకానికి వీల్లేదు. ప్రదర్శనలకి, ర్యాలీలకి, పెట్రోలుకి, మరమ్మతుకి తీసుకెళ్లొచ్చు.

ఆదివారం మనవణ్ని ఎక్కించుకుని టిఫిన్‌కి వెళ్లాలనే ఆశ ఉంటే మామూలు ఆర్‌సీనే ఐదేళ్లకోసారి పొడిగించుకుంటూ రండి. మా ఓటు దీనికే. పిల్లలకి గుర్తుండేది నడిచే బండి. ఏ దారి పట్టినా ఆర్‌సీలోని ఇంజను, ఛాసిస్ నంబర్లు బండి మీదవాటితో అంకె అంకె కలవాలి. ఇప్పుడే సరిచూసుకోండి, పేరు మార్చే రోజున తేడా బయటపడితే ఏళ్లు పడుతుంది. ఆ పని మనవడికే అప్పగించండి: నంబరు చెక్కిన చోటు కిరోసిన్ గుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరాక పల్చటి కాగితం కదలకుండా టేపుతో అంటించి, పెన్సిలు మొనతో కాకుండా పక్కవాటుగా తేలిగ్గా రుద్దాలి. ఒక్కో అంకె తెల్లగా తేలుతుంది. రెండు ప్రతులు తీసి ఒకటి ఆర్‌సీతో పాటు దాచండి.