లాబీయిస్టు చేతికే తాళాలిస్తే?

ప్రశ్న: అమెరికాలో కొత్త ప్రెసిడెంట్ వచ్చినప్పుడల్లా పర్యావరణ రూల్స్ తారుమారవుతున్నాయి. వెనక లాబీయిస్టులే (డబ్బు తీసుకుని కంపెనీల వంటివాళ్ల తరఫున ప్రభుత్వాన్ని ఒప్పించేవాళ్లు) ఉన్నారంటారు. అక్కడ లాబీయింగ్ చట్టబద్ధమే కదా, మరి గొడవెక్కడ?

జవాబు: చట్టబద్ధమేనండీ. ఎవరి తరఫున, ఏ విషయం మీద, ఎంత డబ్బుకి చేస్తున్నారో 1995 నాటి చట్టం ప్రకారం రిపోర్టు ఇవ్వాలి, వాటిని ఎవరైనా చూడొచ్చు. గొడవల్లా బయట నిలబడి అడిగినవాళ్లే లోపలికొచ్చి కుర్చీలో కూర్చున్నప్పుడు. ట్రంప్ మొదటి హయాంలో బొగ్గు కంపెనీకి లాబీయింగ్ చేసిన ఆండ్రూ వీలర్ పర్యావరణ పరిరక్షణ సంస్థకి, అంటే ఈపీఏకి అధిపతి అయ్యారు, చమురు కంపెనీల తరఫున పనిచేసిన డేవిడ్ బెర్న్‌హార్ట్ చేతికి ప్రభుత్వ భూములు చూసే ఇంటీరియర్ శాఖ వచ్చింది. ఇద్దరినీ అక్కడి ఎగువ సభ సెనేట్ 2019లో ఆమోదించింది.

తమాషా ఏంటంటే, ప్రభుత్వంలో చేరిన లాబీయిస్టు తన పాత వ్యవహారాల జోలికి రెండేళ్లు వెళ్లకూడదని 2017 జనవరిలో ట్రంపే ఉత్తర్వు ఇచ్చారు. మినహాయింపులూ ఇచ్చారు. 2021 జనవరిలో దిగిపోతూ ఆ ఉత్తర్వునే రద్దు చేసేశారు! (ఒబామా కూడా 2009లో ఇలాంటి నిషేధమే పెట్టి మినహాయింపులు ఇచ్చారు లెండి.)

అయితే కొత్త ప్రెసిడెంట్ సంతకం పెట్టగానే పాత పర్యావరణ రూల్ ఎగిరిపోదు. ముసాయిదా వేసి, జనం అభిప్రాయాలు తీసుకుని, కారణాలు రాసి, ఆపైన కోర్టులో నిలబెట్టుకోవాలి, దీనికి ఏళ్లు పట్టొచ్చు. మరీ కొత్త రూల్ అయితే కాంగ్రెస్, అంటే అమెరికా పార్లమెంటు, ఓటేసి కొట్టేయొచ్చు. బొగ్గు గనుల వ్యర్థాల నుంచి వాగుల్ని కాపాడే రూల్ 2017 ఫిబ్రవరిలో అలాగే పోయింది.