వినపడని సాక్షికి దుబాసీ ఎవరు?

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర పల్లె. గెట్టు పంచాయితీలో పక్క చేను వాళ్లు మా నాన్న తల పగలగొట్టారు. కళ్లారా చూసింది మా తమ్ముడొక్కడే. వాడికి పుట్టుకతోనే వినపడదు, మాటలు రావు, చదువూ లేదు. ఇప్పుడు కోర్టు నుంచి సాక్షి సమన్లు వచ్చాయి. వాడి సైగలు అమ్మకే బాగా తెలుసు. అమ్మ చెప్తే చెల్లుతుందా? సైగల భాష వచ్చిన మనిషిని మేమే డబ్బిచ్చి తెచ్చుకోవాలా?

జవాబు: డబ్బు మీరు పెట్టనక్కర్లేదు. మాటలు రాని సాక్షికి దుబాసీ సాయమో, ప్రత్యేక విద్య టీచర్ సాయమో కోర్టే తీసుకోవాలని, ఆ వాంగ్మూలాన్ని వీడియో తీయాలని భారతీయ సాక్ష్య అధినియం 125వ సెక్షన్ చెబుతోంది. ఈ కొత్త చట్టం అమల్లోకి వచ్చిన 2024 జూలై 1కి ముందే విచారణ మొదలై ఉంటే పాత సాక్ష్య చట్టం 119వ సెక్షన్ చూడాలి. అందులోనూ ఇదే ఉంది. సైగలతో చెప్పినా అది నోటితో చెప్పిన సాక్ష్యం కిందే లెక్క. మీ తమ్ముడి మాట చెల్లదని ఎవరన్నా నమ్మకండి.

అమ్మగారిని మాత్రం దుబాసీగా నిలబెట్టొద్దు. దెబ్బ తిన్నది ఆమె భర్త. రాజస్థాన్‌కు చెందిన దర్శన్ సింగ్ కేసులో మాటలు రాని సాక్షి సైగలను ఆమె తండ్రే విప్పి చెప్పాడు, అదీ ప్రమాణం చేయకుండా. ఆ సాక్ష్యం నిలవలేదు, నిందితుడు బయటపడ్డాడు. దుబాసీ సాక్షి పరిసరాలకు చెందిన మనిషై ఉండాలి, కేసులో స్వార్థం ఉండకూడదు, ప్రమాణం చేయాలి అని 2012లో సుప్రీంకోర్టు ఆ తీర్పులోనే చెప్పింది.

అసలు చిక్కు ఇంకోటుంది. మీ తమ్ముడివి ఇంట్లో పుట్టిన సైగలు. హైదరాబాద్ నుంచి వచ్చిన దుబాసీకి భారతీయ సంజ్ఞా భాష ఎంత బాగా వచ్చినా, అవి మొదటి చూపులోనే అర్థం కాకపోవచ్చు. అందుకే మీ మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు చదువు చెప్పే భవిత కేంద్రం టీచర్‌ను, లేదా తమ్ముణ్ని చిన్నప్పటి నుంచి ఎరిగి ఇరుపక్షాలకూ కాని ఊరి మనిషిని ఆ దుబాసీకి తోడుగా అడగండి. వాయిదాకు ముందే ప్రభుత్వ న్యాయవాదితో పిటిషన్ వేయించండి. దుబాసీ తమ్ముణ్ని కలిసి సైగలకు అలవాటు పడేందుకు కోర్టు అనుమతితో కొంత సమయం కోరండి. సాక్ష్యం నేర్పుతున్నారన్న మాట రాకుండా, ఆ కలయికలో కేసు ఊసెత్తొద్దు.

పిటిషన్ ముందుకు సాగకపోతే నల్గొండ జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు అర్జీ పెట్టండి, లేదా 15100కు ఫోన్ చేయండి. తమ సేవలు దివ్యాంగులకూ అందరితో సమానంగా అందేలా తగిన ఏర్పాట్లు చేయాలని 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 12వ సెక్షన్ జాతీయ, రాష్ట్ర న్యాయ సేవాధికార సంస్థలకు చెబుతోంది.

సాక్ష్యం రోజున ఒకటి గమనించండి. కోర్టు రికార్డులో ‘కర్రతో కొట్టాడని చెప్పాడు’ అని రాస్తే సరిపోదు. ‘రెండు చేతులూ తలపైకి ఎత్తి కిందికి దించి చూపాడు’ అని సైగనే రాయాలి, దాని అర్థం ఆ తర్వాత రావాలి. అలా రాయకపోతే అక్కడికక్కడే ప్రభుత్వ న్యాయవాదికి చెప్పండి.