ప్రేమకథలో దేవుడికి చోటెక్కడ? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రేమ, భక్తి కలిసిన నవలలు రాస్తున్నవాళ్ల నుంచి ఈసారి చాలా ఉత్తరాలొచ్చాయి. ఒకే రకం ప్రశ్నలను కలిపి, ఐదింటికి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: నా నవల 42 వేల మాటలు, 28 అధ్యాయాలు. నాయిక వైష్ణవుల ఇంటి పిల్ల, గోదాదేవి అంటే ప్రాణం. అతనికి దేవుడి మీద నమ్మకం లేదు. 26వ అధ్యాయంలో అతనికి యాక్సిడెంట్ అవుతుంది. ఆమె 108 ప్రదక్షిణలు చేస్తుంది, అతను కళ్లు తెరిచి “నీ దేవుడున్నాడు” అంటాడు. చదివిన ఇద్దరూ ముగింపు అతికించినట్టుంది అన్నారు. ఏం చెయ్యాలి?
– హనుమకొండ నుంచి ఒక పాఠకురాలు

జవాబు: లోపం ముగింపులో లేదమ్మా, దానికి ముందున్న 25 అధ్యాయాల్లో ఉంది. మీరు పంపిన సారాంశం ప్రకారం అతని అపనమ్మకం 2వ అధ్యాయంలో ఒకసారి, 9వ అధ్యాయంలో ఒకసారి మాటల్లో వచ్చి పోతుంది. ఆమె భక్తి వల్ల ఇద్దరిలో ఎవరికీ ఒక్క పనీ ఆగలేదు, ఒక్క పూటా తిండి మారలేదు. ఏదీ వదులుకోనక్కర్లేని భక్తి కథలో గోడమీద పటంలా ఉండిపోతుంది. చివర్లో ఆ పటం ఉన్నట్టుండి అద్భుతం చేస్తే పాఠకుడికి నమ్మబుద్ధి కాదు.

మీ చేతిలో గోదాదేవి పాడిన తిరుప్పావై ఉంది. ప్రేమకథకి అంతకంటే మంచి చట్రం దొరకదు. పాశురాలు, అంటే పాటలు, 30; ధనుర్మాసంలో రోజుకొకటి. డిసెంబరు 16 ప్రాంతంలో మొదలై భోగితో ముగుస్తాయి. రెండో పాశురంలో గోపికలు వ్రత నియమాలు చెప్పుకుంటారు: నెయ్యి తినం, పాలు తాగం, కాటుక పెట్టుకోం, పూలు ముడుచుకోం. 27వ పాశురానికి వచ్చేసరికి అవన్నీ తిరిగొస్తాయి. నగలు పెట్టుకుంటారు, కొత్త చీరలు కట్టుకుంటారు, మోచేతి దాకా నెయ్యి కారేలా పాలన్నం అందరూ కలిసి కూర్చుని తింటారు. వదులుకోవడం, ఎదురుచూడడం, పొందడం అన్నీ అందులోనే వరసగా ఉన్నాయి. మీ నాయిక ఆ రెండో పాశురాన్ని మాటకు మాటగా పాటిస్తుందనుకోండి. పూలు తెచ్చిన అబ్బాయికి ఏమవుతుందో చూడండి.

మీ 7వ అధ్యాయంలో ఇలా ఉంది: “ఆమె కళ్లు మూసుకుని భక్తిగా ప్రార్థించింది. అతను ఆమెనే చూస్తూ నిలబడ్డాడు.” ఈ రెండు వాక్యాలు ఏ గుళ్లో, ఏ అమ్మాయి గురించైనా రాయొచ్చు. అదే చోటు ఇలా రాస్తే:

“అతను చేమంతులు కాగితంలో పొట్లం కట్టించి తెచ్చాడు. ఆమె తీసుకుంది, తలలో పెట్టుకోలేదు. తడిపిన అరటినార ఒళ్లోకి తీసుకుని రెండు తులసి రెమ్మలు, ఒక చేమంతి, మళ్లీ రెండు తులసి రెమ్మలు, అలా మూరెడు కట్టి సజ్జలో పెట్టింది. ‘నీకని తెచ్చాను’ అన్నాడు. ‘తెలుసు. ఇంకో ఇరవై రోజులు ఆగు’ అంది.”

ఇది ఏడో రోజున జరిగితే, ఇరవై రోజులకు 27వ పాశురం, అంటే జనవరి 11 లేదా 12. ఆ రోజు ఆమె తలలో పూలు కనిపిస్తే చాలు, “ప్రేమిస్తున్నాను” అన్న మాట మీరు రాయక్కర్లేదు. అతను ఈ మధ్యలో ఆ మౌనాన్ని తిరస్కారం అనుకోవచ్చు, ఇంకొకరి మీద అనుమానపడొచ్చు. గొడవకి బయటి విలన్ అవసరం లేదు.

ఇక యాక్సిడెంట్. ఉంచుకోవాలనుంటే 10వ అధ్యాయానికి జరపండి. ప్రదక్షిణలు చెయ్యనివ్వండి. అతను కోలుకున్నాక అది మొక్కు వల్లా, డాక్టర్ల వల్లా అని తేల్చకండి. ఆమె ఒకటి అనుకుంటుంది, అతను ఒకటి అనుకుంటాడు, మిగతా 18 అధ్యాయాలు ఆ తేడాతోనే నడుస్తాయి. చివర్లో అతను “దేవుడున్నాడు” అనడం కంటే, తెల్లవారుజామున ఎవరూ అడక్కుండా లేచి ఆమె కోసం అరటినార తడిపి పెట్టడం ఎక్కువ నిజం. నమ్మకం వచ్చిందో లేదో పాఠకుడే అనుకుంటాడు.

చిత్తుప్రతి మీద ఒక పరీక్ష చేసి చూడండి. ప్రేమ కదిలిన చోట ఎర్ర పెన్నుతో, విశ్వాసం వల్ల ఎవరైనా ఏదైనా చేసిన చోట నీలం పెన్నుతో గీత గియ్యండి. ఎరుపు ఒక అధ్యాయం, నీలం ఒక అధ్యాయంగా విడివిడిగా వస్తుంటే అవి రెండు నవలలు. రెండూ ఒకే పేజీలో పడ్డవి కనీసం పది చోట్లుండాలని మా అభిప్రాయం.

ఇంకొకటి. మీ 19వ అధ్యాయంలో ధనుర్మాసం మధ్యలో వాళ్లకి పెళ్లి ముహూర్తం పెట్టించారు. ఆ ఇంట్లో అది జరగదు. పెళ్లి సంక్రాంతి దాటాక పెట్టండి, భోగినాడు గుళ్లో గోదాకల్యాణం చూపించండి.

ప్రశ్న: నా కథానాయకుడు మొదటిసారి అయ్యప్ప మాల వేస్తాడు. వేసిన మూడు వారాలకే అతనికీ నాయికకీ నిశ్చితార్థం. దీక్షలో ఉండగా ప్రేమ సన్నివేశాలు ఎంతవరకు రాయొచ్చు?
– రాజమహేంద్రవరం నుంచి ఒక పాఠకుడు

జవాబు: నిశ్చితార్థాన్ని ముందుకో వెనక్కో జరపండి. దీక్షలో ఉన్నవాడు 41 రోజులు బ్రహ్మచర్యం పాటించేవాడు. ఇంట్లో పెద్దలు ఆ రోజుల్లో తాంబూలాలు పుచ్చుకోవడానికి కూర్చోరు.

రోజు ఎలా గడుస్తుందో తెలిస్తే సన్నివేశాలు వాటంతటవే వస్తాయి. తెల్లవారకముందు చన్నీళ్ల స్నానం, సాయంత్రం మళ్లీ స్నానం, రెండు పూటలా పూజ, శరణుఘోష. మధ్యాహ్నం భిక్ష, రాత్రి అల్పాహారం. నల్లబట్టలు, కాళ్లకు చెప్పుల్లేవు, నేలమీద పడక, గడ్డం తీయడు. మొదటిసారి కాబట్టి అతను ‘కన్నెస్వామి’. మాల గురుస్వామి చేత వేయించుకుంటాడు. దగ్గరి బంధువు చనిపోతే మాల తీసేయాలి, దీక్ష అక్కడితో ఆగిపోతుంది. కథ మలుపు తిప్పాలనుకుంటే ఇది గుర్తుపెట్టుకోండి.

మీ చిత్తులో అతను ఆమెను పేరు పెట్టి పిలుస్తున్నాడు, బైకు మీద ఎక్కించుకుంటున్నాడు. మాలలో ఉన్నవాడు ఆడవాళ్లని ‘మాత’ అంటాడు, అందరూ అతన్ని ‘స్వామీ’ అంటారు. నిన్నటిదాకా ముద్దుపేరుతో పిలిచిన నోరు ఇవాళ వీధిలో ఎదురుపడితే “మాతా, స్వామి శరణం” అనాలి. ఆ ఒక్క పలకరింపు చాలు, పేజీ నిండా విరహం రాసినా రానిది వస్తుంది. దీన్ని హాస్యానికి వాడకండి. ఇద్దరికీ కష్టంగానే ఉండనివ్వండి.

ప్రయాణానికి ముందు ఇరుముడి కట్టే ఘట్టం తప్పకుండా పెట్టండి. ముందు ముడిలో పూజాసామగ్రి, ఆవునెయ్యి నింపి మూసిన కొబ్బరికాయ ఉంటాయి. వెనక ముడిలో దారికి కావలసినవి. ఇంటివాళ్లు, వచ్చినవాళ్లు తలా పిడికెడు బియ్యం వేస్తారు. ఆమె కూడా వరసలో నిలబడి వేస్తుంది. తలెత్తదు. తలమీద ఇరుముడి ఉంటేనే పద్దెనిమిది మెట్లు ఎక్కనిస్తారు కాబట్టి, ఆ బియ్యం అతనితో పాటు పైదాకా వెళ్తాయి. నెయ్యి అభిషేకానికి పోతుంది.

ప్రశ్న: నెల్లూరు రొట్టెల పండగలో నా ఇద్దరూ కలుసుకోవాలి. అమ్మాయి హిందువు, అబ్బాయి ముస్లిం. ఇది సహజంగా ఉంటుందా? పండగ ఏ నెలలో పెట్టాలి?
– చెన్నై నుంచి ఒక పాఠకురాలు

జవాబు: చాలా సహజం. స్వర్ణాల చెరువు గట్టున బారాషహీద్ దర్గా దగ్గరికి రెండు మతాలవాళ్లూ వస్తారు. పండగ మొహర్రం నెలలో. అది చాంద్రమానం కాబట్టి ఏటా ఇంగ్లిషు తేదీ దాదాపు 11 రోజులు ముందుకొస్తుంది. మీ కథ జరిగే సంవత్సరం ముందు తేల్చుకుని, అప్పటి క్యాలెండరు చూసి రాయండి. ఎండాకాలమో వానాకాలమో దాన్నిబట్టే వస్తుంది.

మీ చిత్తులో అమ్మాయి తనే రొట్టె చేసి తెచ్చి, తన కోరిక చెప్పుకుని, నీళ్లలో వదిలేస్తోంది. అలా కాదు. కోరిక తీరినవాళ్లు రొట్టె తెస్తారు, కోరిక ఉన్నవాళ్లు చెరువు నీళ్లలో నిలబడి వాళ్ల దగ్గర తీసుకుని తింటారు. పెళ్లి రొట్టె, చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, సంతానం రొట్టె అని పేరు పెట్టి అడుగుతారు. తీరాక మరుసటి ఏడాది వాళ్లే రొట్టె పట్టుకొచ్చి ఇంకొకరికి ఇవ్వాలి. అంటే పండగే మీ కథకి ఒక ఏడాది గడువు ఇస్తోంది. మొదటి ఏడు ఆమె మోకాళ్లలోతు నీళ్లలో “పెళ్లి రొట్టె ఎవరి దగ్గరుంది?” అని అడుగుతుంది. రెండో ఏడు ఎవరు ఎవరికి ఇస్తున్నారన్నదే మీ ముగింపు. ఆమె ఏ రొట్టె తీసుకుందో అబ్బాయికి తెలియకపోతే ఇంకా బాగుంటుంది.

ప్రశ్న: నాయిక ఆర్‌సిఎం (రోమన్ క్యాథలిక్) క్రైస్తవురాలు, అతను హిందువు. గుళ్లో దండలు మార్చుకుని అదే సాయంత్రం రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్లి అని రాశాను. లాయరైన మిత్రుడు తప్పన్నాడు.
– గుంటూరు నుంచి ఒక పాఠకుడు

జవాబు: మీ మిత్రుడన్నది నిజం. మతాలు మారకుండా రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్లి చేసుకోవాలంటే 1954 ప్రత్యేక వివాహ చట్టం. ఇద్దరిలో ఒకరైనా నోటీసుకు ముందు కనీసం 30 రోజులు ఆ జిల్లాలో ఉండాలి. అబ్బాయికి 21, అమ్మాయికి 18 నిండాలి. నోటీసు ఇచ్చాక ఆఫీసులో అందరికీ కనపడేలా అంటిస్తారు, అభ్యంతరాలకు 30 రోజులు గడువు. ఆ తర్వాత ముగ్గురు సాక్షులతో పెళ్లి. నోటీసిచ్చిన మూడు నెలల్లో కాకపోతే మళ్లీ మొదటికి వస్తుంది. గుళ్లో తాళి కట్టినంతమాత్రాన హిందూ వివాహ చట్టం కింద చెల్లదు, ఎందుకంటే ఆ చట్టానికి ఇద్దరూ హిందువులై ఉండాలి. క్రైస్తవుడికీ హిందువుకీ జరిగిన ఇలాంటి పెళ్లి మీద 2008లో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది.

ఒక్క సాయంత్రం అనుకున్నది నెల రోజులయింది, కథకి అది లాభమే. ఆ నోటీసు కాగితం మీద పేర్లు, చిరునామాలు ఉంటాయి. ఏ పొలం రిజిస్ట్రేషనుకో వచ్చిన ఊరివాడు ఒక్కడు చదివితే చాలు.

చర్చిలో చేసుకోవాలంటే అతను మతం మారి తీరాలని మీరు రాశారు, అదీ సరికాదు. జ్ఞానస్నానం పొందనివారిని పెళ్లాడడానికి బిషప్‌గారి అనుమతి కావాలి. పిల్లలకి జ్ఞానస్నానం ఇప్పించడానికి తనవంతు ప్రయత్నిస్తానని ఆమె మాట ఇవ్వాలి, ఆ సంగతి అతనికి తెలియాలి. మాట ఇచ్చేది ఆమె, వినేది అతను. ఫాదర్‌గారి గదిలో ఆ పది నిమిషాలు ఒక అధ్యాయం చెయ్యండి, మీ నవల అసలు కీలకం అక్కడుంది.

మాటల విషయంలోనూ జాగ్రత్త. ఆర్‌సిఎం ఇంట్లో ‘జ్ఞానస్నానం’, ‘జపమాల’, ‘పూజ’, ‘తపస్కాలం’ (ఈస్టరుకు ముందు ఉపవాస దినాలు) అంటారు. మీరు ‘బాప్తిస్మం’, ‘పాస్టరుగారు’ అని రాశారు, అవి ప్రొటెస్టెంట్ల మాటలు. తపస్కాలంలో పెళ్లి సంబరాలు పెట్టుకోరు. వాళ్లిద్దరూ గుణదల కొండ ఎక్కే సన్నివేశం మాఘమాసం అని పైపైన రాయకుండా మేరీమాత ఉత్సవాల తేదీలు వేయండి: ఫిబ్రవరి 9, 10, 11.

ప్రశ్న: భక్తి నవలలో శృంగారం రాస్తే అపచారం అంటున్నారు మా ఇంట్లో. శ్లోకాలు, పాశురాలు ఎన్ని పెట్టొచ్చో కూడా చెప్పండి.
– కర్నూలు నుంచి ఒక పాఠకురాలు

జవాబు: అన్నమయ్య (1408–1503) సంకీర్తనలను రాగిరేకుల మీద చెక్కినప్పుడే అధ్యాత్మం, శృంగారం అని రెండుగా చేశారు. మనకు దొరికిన వాటిలో శృంగారానివే ఎక్కువ. క్షేత్రయ్య పదాల్లో నాయిక అలిగినా, తలుపేసుకున్నా ఎదుట ఉన్నది మువ్వగోపాలుడే. కాబట్టి ఇంట్లోవాళ్లకి భయపడక్కర్లేదు. భయపడాల్సింది ఇంకోదానికి. ఆ పాటల్లో నాయిక నిజంగా కోప్పడుతుంది, నిజంగా ఒళ్లు నొచ్చుకుంటుంది. మన నవలల్లో భక్తురాలైన అమ్మాయికి కోపమూ రాదు, ఆకలీ వెయ్యదు. ఆమెను ముందు మనిషిని చెయ్యండి.

శ్లోకమైనా పాశురమైనా ఒకచోట రెండు పాదాలు మించొద్దు, అధ్యాయానికి ఒకటి చాలు. తాత్పర్యాన్ని రచయితగా మీరు చెప్పకండి. ఒక పాత్ర ఇంకో పాత్రకి, బియ్యం ఏరుతూనో బస్సు కోసం నిలబడో, తన మాటల్లో చెప్పనివ్వండి. తిరుప్పావై తమిళం, తెలుగు లిపిలో రాసేటప్పుడు అక్షరాలు సులువుగా తారుమారవుతాయి. అచ్చుకిచ్చే ముందు ఆ పంక్తుల్ని రోజూ గుళ్లో పాశురాలు చదివేవాళ్ల చేత ఒకసారి గట్టిగా చదివించి, తప్పులు దిద్దుకోండి.