వర్చువల్‌బాక్స్‌లో విండోస్ యాక్టివేషన్ ఎందుకు పోతుంది?

మీరు అడిగినవి రెండు. లాప్‌టాప్‌లో విండోస్, ఉబుంటు (లినక్స్ రకం) పక్కపక్కనే ఉన్నప్పుడు, ఉబుంటులోని వర్చువల్‌బాక్స్‌లో (కంప్యూటర్ లోపల ఇంకో ఉత్తుత్తి కంప్యూటర్‌ను, అంటే వర్చువల్ మెషీన్‌ను నడిపే ప్రోగ్రాం) మరో విండోస్ 10 నడపడానికి పాత లైసెన్స్ చాలదా? ఆ వర్చువల్ మెషీన్‌ను కొత్త కంప్యూటర్‌లోకి మార్చగానే యాక్టివేషన్ (లైసెన్స్ సరైనదేనన్న ధ్రువీకరణ) ఎందుకు పోయింది? ఈ రెండూ నేను పడ్డ ఇబ్బందులే.

నాది డీటీపీ పని: శుభలేఖలు, కరపత్రాలు, పంచాంగాలు. ఏళ్ల తరబడి కూర్చిన ఫైళ్లన్నీ పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లతో ఉన్నాయి. మిగతా పనంతా ఉబుంటులో సాగినా, వాటిని తెరవాలంటే విండోస్ కావాల్సిందే.

మొదటిదానికి జవాబు: చాలదు. లాప్‌టాప్‌తో వచ్చేది ఓఈఎం లైసెన్స్, అంటే తయారీదారు ఆ యంత్రానికే కట్టి ఇచ్చేది. దాని కీ మదర్‌బోర్డు ఫర్మ్‌వేర్‌లోనే ఉంటుంది. ఒక లైసెన్స్‌తో ఒక్క విండోస్‌నే నడపాలి, వర్చువల్ మెషీన్ కూడా ఒక యంత్రం కిందే లెక్క. బయట ఒకటి ఉంచుకుని లోపల ఇంకొకటి పెడితే రెండో లైసెన్స్ కొనాలి. రిటైల్‌దే (విడిగా అమ్మేది) కొనండి, ఓఈఎంలా కాకుండా దాన్ని రేపు వేరే కంప్యూటర్‌కు మార్చుకోవచ్చు. కేవలం పరీక్షించి చూడటానికైతే విండోస్ ఎంటర్‌ప్రైజ్ (సంస్థల కోసం చేసిన రకం) మూల్యాంకన కాపీ 90 రోజుల పాటు ఉచితం. గడువు దాటితే గంటకోసారి దానంతటదే ఆగిపోతుంది, పనికి నమ్ముకోవద్దు.

ఇక రెండోది. కొత్త కంప్యూటర్ కొన్నప్పుడు నేను వీడీఐ డిస్క్ ఫైలు (వర్చువల్ మెషీన్ డిస్కు అంతా ఉండేది) ఒక్కటే పెన్‌డ్రైవ్‌లో తెచ్చి, కొత్త వర్చువల్ మెషీన్ తయారుచేసి దానికి తగిలించాను. మర్నాడు ఉదయానికి శుభలేఖ ప్రెస్సుకు వెళ్లాలి. పేజీ తెరిచేసరికి తెర కింద కుడి మూలన, సరిగ్గా ముహూర్తం వరుస మీద, ‘యాక్టివేట్ విండోస్’ అన్న బూడిదరంగు అక్షరాలు! పని ఆగదు, ప్రింటులోనూ అది రాదు, కాబట్టి కంగారు పడకండి. కానీ రాత్రంతా నాకు ఆ సంగతి తెలియదు.

కారణం ఇది. యాక్టివేషన్ డిస్కు ఒక్కదాన్నే చూసి జరగదు. విండోస్ మెషీన్ యూయూఐడీ (దాని గుర్తింపు సంఖ్య), నెట్‌వర్క్ కార్డు మ్యాక్ చిరునామా (ఆ కార్డు గుర్తింపు సంఖ్య) వంటివాటిని కలిపి గుర్తుపెట్టుకుంటుంది. కొత్త మెషీన్ తయారుచేస్తే అవన్నీ కొత్తవి పుడతాయి. మర్నాడు పాత దాని ఫోల్డరు మొత్తం, సెట్టింగులుండే వీబాక్స్ ఫైలుతో సహా తెచ్చి, ‘యాడ్’ నొక్కి తెరిచాను. పాత గుర్తులు అలాగే వచ్చాయి. అయినా ప్రాసెసర్ మారింది కదా, మళ్లీ అడిగింది. లైసెన్స్‌ను అంతకుముందే మైక్రోసాఫ్ట్ ఖాతాకు జతచేసి ఉంచడం కలిసొచ్చింది. యాక్టివేషన్ పేజీలోని ట్రబుల్‌షూటర్‌లో, హార్డ్‌వేర్ ఈమధ్యే మార్చానన్న లింకు నొక్కి, పాత మెషీన్ పేరు ఎంచుకున్నాక సరిపోయింది. పాత కంప్యూటర్‌లోని ప్రతిని తుడిచేశాను, అది మన బాధ్యత.

ఐదారు వందలకు దొరికే కీల జోలికి మాత్రం దయచేసి వెళ్లకండి. నా మిత్రుడు కొన్నది ఏదో సంస్థ వాల్యూమ్ కీ (సంస్థలకు ఎక్కువ యంత్రాల కోసం టోకుగా ఇచ్చేది). కొన్నాళ్లకు దాన్ని ఆపేశారు, డబ్బు పోయింది.

విండోస్ 10కు సాధారణ భద్రతా మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. అందుకే యాక్టివేషన్ అయ్యాక ఆ మెషీన్‌కు నెట్‌వర్క్ తీసేశాను, ఫైళ్లు షేర్డ్ ఫోల్డర్ (ఉబుంటు, వర్చువల్ మెషీన్ రెండూ చూడగల ఫోల్డర్) ద్వారానే వెళ్తాయి.

మీ మెషీన్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఎస్‌ఎల్‌ఎంజీఆర్ అని టైపు చేసి, ఖాళీ వదిలి, స్లాష్ డీఎల్‌ఐ కొట్టండి. వచ్చే పెట్టెలో ‘ఛానల్’ అన్న మాట దగ్గర రిటైల్ అని ఉందో, ఓఈఎం అని ఉందో, వాల్యూమ్ అని ఉందో చూసి చెప్పండి. దాన్నిబట్టి తర్వాత ఏం చేయాలో రాస్తాను.