హీరోల బొమ్మలు పక్కన పెట్టి, ఒక కథ మొత్తం వేయండి

డిగ్రీ అయిపోయింది, ఐప్యాడ్ మీద చెయ్యి బాగానే తిరిగింది, ఇన్‌స్టాలో పెట్టే సినిమా హీరోల బొమ్మలకి లైకులూ వస్తున్నాయి, కానీ పిల్లల పుస్తకాలకి బొమ్మలేసే పని ఎవరిస్తారో, పోర్ట్‌ఫోలియోలో (పని అడిగేటప్పుడు చూపించే బొమ్మల కట్టలో) ఏం పెట్టాలో తెలియట్లేదన్నారు. నేను హైదరాబాద్‌లో ఈ పనే చేస్తున్నాను కాబట్టి నాకు తెలిసినంతలో చెప్తాను.

ముందు ఆ సినిమా హీరోల పోర్ట్రెయిట్లు తీసేయండి. బాగాలేక కాదు. మీరు ఫొటో చూసి దింపగలరని మాత్రమే అవి చెప్తాయి. ఎడిటర్ చూసేది వేరు: ఒకే పిల్ల మొదటి పేజీలో నవ్వుతూ, తర్వాత ఏడుస్తూ, ఇంకో పేజీలో వీపు తిప్పి పరిగెడుతూ ఉన్నా అదే పిల్లలా కనిపిస్తోందా? నాకు మొదటి పని బుక్ ఫెయిర్లో దొరికింది. స్టాల్లో ఒక ఎడిటర్ నా ప్రింట్లు గబగబా తిప్పేస్తూ, రంగులు కూడా వేయని ఒక పేజీ దగ్గర ఆగారు. అందులో ఒకే ముసలమ్మ నాలుగు రకాలుగా కూర్చుని ఉంది. "ఈవిడతో కథ నడుస్తుంది" అన్నారు.

అందుకే ఏడు చేపల కథ లాంటిది తీసుకుని మొత్తం వేయండి. అందరికీ తెలిసిన కథ కాబట్టి చూసేవాళ్లు కథ కోసం వెతుక్కోరు, మీరెలా చెప్పారో చూస్తారు. రాజు దగ్గర మొదలై చీమ దాకా వెళ్తుంది, మధ్యలో గడ్డిమేటు, ఆవు. పుట్టలో వేలు పెట్టే పేజీ ఒక్కటి చాలు మీ సత్తా తెలియడానికి. బయట నుంచి చూపిస్తే మామూలు బొమ్మ. అదే పుట్ట లోపల చీమ పక్కన నిలబడి చూస్తున్నట్టు, పైనుంచి ఇంత లావు వేలు దిగుతున్నట్టు వేసి చూడండి!

అక్షరాలకి చోటు వదలడం మర్చిపోకండి. మన ఒత్తులు, గుడులకి పైనా కిందా జాగా కావాలి. ఇంగ్లిష్ పుస్తకం చూసి అంతే ఖాళీ వదిలితే, డీటీపీ చేసేవాళ్లు (కంప్యూటర్లో పేజీలు కూర్చేవాళ్లు) అక్షరాలు మీ ఆవు మీదే ఎక్కిస్తారు. రెండు పేజీలు కలిపి వేసే బొమ్మలో ముఖం మడతలో పడకూడదు. ఫైలు 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు), చుట్టూ 3 మిల్లీమీటర్ల బ్లీడ్‌తో (అచ్చయ్యాక కోసేసే అంచు), సీఎంవైకేలో (అచ్చుకి వాడే నాలుగు రంగుల పద్ధతి) ఉండాలి. ఐప్యాడ్‌లో మెరిసే ఆ చిలకపచ్చ అచ్చులో పాలిపోతుంది, ముందే ప్రింట్ తీసి చూసుకోండి.

బాపు గీత అందరికీ ఇష్టమే, కానీ దాన్ని కాపీ కొట్టిన పోర్ట్‌ఫోలియోలు ఎడిటర్లు చాలా చూసేశారు.

పది పన్నెండు పేజీల పీడీఎఫ్ చాలు, మెయిల్లో సులువుగా వెళ్లాలి. పిల్లల పుస్తకాలు వేసే సంస్థలు సికింద్రాబాద్‌లో 'మంచి పుస్తకం', బెంగళూరులో ప్రథమ్ బుక్స్, చెన్నైలో తూలిక... ముందు వాళ్ల పుస్తకాలు కొన్నయినా చదివి, వాళ్లకి నప్పే బొమ్మలే పంపండి. ప్రథమ్ వాళ్ల స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో బోలెడు కథలు ఉచితంగా చూడొచ్చు. అక్కడ మీ బొమ్మలు పెడితే మాత్రం, అది ఓపెన్ లైసెన్స్, పేరు వేసి ఎవరైనా వాడుకోవచ్చు. జవాబు రాకపోతే నెలాగి కొత్త బొమ్మ ఒకటి జతచేసి మళ్లీ రాయండి. ఈలోగా పెళ్లి కార్డుల క్యారికేచర్లు, యూట్యూబ్ రైమ్స్ ఛానెళ్ల పని వస్తే చేయండి. అద్దె కట్టేది అవే (నాకు ఇప్పటికీ కొన్ని నెలలు అంతే).

"శాంపిల్‌గా ఒక బొమ్మ వేసి పంపండి" అంటే పెన్సిల్ స్కెచ్ ఇవ్వండి. రంగులతో పూర్తి చేసిన పేజీ అడిగితే డబ్బులు అడగండి. నాకు తెలిసిన ఒకమ్మాయి అలా పంపిన శాంపిల్ తర్వాత పుస్తకం అట్ట మీద కనిపించింది. కొంత అడ్వాన్స్ అందాకే రంగుల్లోకి దిగండి. ఎన్ని కరెక్షన్లు చేస్తారో, హక్కులు ఎవరివో మెయిల్లో ముందే తేల్చుకోండి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం హక్కులు రాసిచ్చేది రాతపూర్వకంగానే ఉండాలి. ఎన్నేళ్లకో రాయకపోతే అయిదేళ్లకే, ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశానికే ఇచ్చినట్టు లెక్క. "అన్ని హక్కులూ శాశ్వతంగా" అని కాంట్రాక్టులో ఉంటే, రేటు పెంచమని అడగడానికి అదే సమయం.