బొమ్మల పాత పట్టుబట్టలు ఉతకొచ్చా?

ఉతకొద్దండీ, నీళ్లే తగలనివ్వకండి. అమ్మమ్మగారి ఎర్రచందనం బొమ్మల జంటకున్న బట్టలు మడతల దగ్గర పిగిలిపోతున్నాయి, ఉతకాలా లేక తీసేసి కొత్తవి కుట్టించాలా అని అడిగారు కదా. కొత్తవి కుట్టించుకోండి, కొలువులో అవే కట్టండి, కానీ పాతవి పారేయకండి.

నెల్లూరులో మా ఇంట్లోనూ ఇలాంటి తిరుపతి జంట ఉంది, అమ్మ పెళ్లికి పెట్టింది. ఆడబొమ్మ చీర అసలు వెంకటగిరి చీర ముక్క (జిల్లాలు మార్చినా మాకు వెంకటగిరి నెల్లూరుదే), పాతబడిన చీరలో జరీ అంచు వరకు కత్తిరించి అమ్మమ్మ చేత్తో కుట్టింది. చెక్కడం చూసి బొమ్మ వయసు చెప్పడం కష్టం, ఆ అంచు చూపిస్తే మాత్రం మా పెద్దమ్మ అది ఎవరి చీరో ఇట్టే చెప్పేస్తుంది. 1860, 70ల్లో పారిస్‌లో అమ్మిన పింగాణీ బొమ్మలకు ట్రంకు పెట్టె నిండా గౌన్లు, టోపీలు, చేతి తొడుగులు ఉండేవి. ఇప్పుడు సేకరించేవాళ్లు ఆ అసలు బట్టలుంటేనే ఎక్కువ ధర పెడతారు.

ముందు పిన్నీసులు, గుండుసూదులు తీసేయండి, తుప్పు మరక పట్టిందంటే ఇక పోదు. జరీ నల్లబడిందని చింతపండుతోనో పీతాంబరితోనో రుద్దొద్దు, పైపూత లేచిపోతుంది. బట్టలు మడవకుండా, ఉతికి గంజి పెట్టని తెల్ల మల్లు గుడ్డలో చుట్టి పెట్టండి. కలరా ఉండలు బట్టకు ఆనించొద్దు. పురుగు పట్టిందని అనుమానముంటే బట్టల్ని మాత్రమే కవర్లో గాలి తీసి కట్టి రెండు వారాలు ఫ్రీజర్లో ఉంచండి, బయటికి తీశాక ఒక రోజంతా విప్పకండి, చెమ్మ పడుతుంది. నవంబరు, డిసెంబరు వానల్లో మన వైపు బీరువాలు ఎలా ముక్కిపోతాయో తెలుసు కదా, వాన వెలిసిన రోజు నీడన కాసేపు ఆరనివ్వండి.

బొమ్మను శానిటైజరుతోనో స్పిరిట్‌తోనో తుడవొద్దు, ఎర్రచందనం రంగు నీళ్లకు పెద్దగా కదలదు గానీ ఆల్కహాల్‌కు కరిగి బట్టకు అంటుకుంటుంది. కొబ్బరినూనె రాస్తే నిగనిగలాడుతుంది నిజమే, ఆ జిడ్డంతా పట్టుకు ఎక్కుతుంది. పొడి గుడ్డ చాలు.

అమెరికాలో ఉన్న చెల్లెలికి పంపుదామన్నారు. బట్టలు పంపండి. బొమ్మను మాత్రం అటవీ శాఖను అడగకుండా కొరియర్‌లో వేయకండి, ఎర్రచందనం సైటిస్ (అరుదైన జంతువులు, మొక్కల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం) జాబితాలో ఉన్న చెక్క, కస్టమ్స్‌లో పట్టుకుంటే మీకు లేనిపోని టెన్షన్.